నా అంచున గంటు

నేను కాణీని. ఒక వైపు విక్టోరియా మహారాణి, రెండో వైపు తీగల అల్లిక మధ్య అణాలో నాలుగో వంతునని చెప్పే ఇంగ్లీషు అక్షరాలు, కింద 1889. అప్పట్లో రూపాయికి 64 మందిమి. నిండు కాణీ బరువు 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములకు పిసరంత తక్కువ. నేను ఇంకాస్త తేలిక. రాణిగారి మెడ వెనక, నా అంచున ఓ ముక్క లేదు మరి.

ఈ గంటు చూసి నన్ను కాణీకి కొరగాని కాణీ అన్నవాళ్ళున్నారు. ఎవడో ఆకురాయి పెట్టి రాగి గీక్కున్నాడని తీర్పు చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు నేనున్న పెట్టె యజమాని మాత్రం పక్కనున్న సొట్ట నాణేలన్నిటికీ, నాకూ కలిపి 'టంకశాల తప్పు' అని ఒకటే చీటీ అతికించాడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. తప్పు పుట్టుక నాది. పుట్టాక దెబ్బలు తిన్నవాళ్ళు వేరే.

నా పుట్టుక సంగతి చెబుతాను. టంకశాలలో రాగిని రేకుగా సాగదీసి, బిళ్ళలు కోసే పంచ్ కిందికి దాన్ని జరుపుతూ పోతారు. పండక్కి మీరు పిండి పరిచి గ్లాసుతో బిళ్ళలు కోసేటప్పుడు, గ్లాసు ముందు కోసిన చోటి మీదికి కాస్త జరిగితే ఆ బిళ్ళకు ఓ పక్క వెలితి పడుతుంది చూడండి, నాకు జరిగిందీ అంతే. రేకు చాలినంత జరగలేదు. పంచ్ దిగింది. నేను వెలితితోనే కింద పడ్డాను.

తర్వాత బిళ్ళల్ని ఇరుకు గాడిలో నొక్కుతూ దొర్లించి, అంచు చుట్టూ గట్టు లేపుతారు. గట్టు లేవాలంటే బిళ్ళ రెండు పక్కలా ఒత్తిడి పడాలి. నా గంటు దగ్గర గాడికి ఆనుకోవడానికి ఏమీ లేదు. ఒక పక్క ఆనకపోతే ఎదుటి పక్క మాత్రం ఒత్తిడి ఎక్కడిది? అందుకే గంటుకు సరిగ్గా ఎదురుగా, 'విక్టోరియా' అన్న పేరున్న వైపు, నా గట్టు లేచీ లేవనట్టు చప్పిడిగా ఉంటుంది. నాణేలు ఎరిగినవాడు నన్ను చేతిలోకి తీసుకోగానే గంటును వదిలేసి ముందు అటే చూస్తాడు. ఆకురాయి పట్టినవాడికి గంటు పెట్టడం తెలుసు గానీ, అవతలి గట్టును పుట్టుకతోనే చప్పిడి చేయడం తెలియదు. అయితే కొన్ని అసలైన కోతల్లో కూడా ఈ గుర్తు కనబడదు. అది లేనంత మాత్రాన దొంగదని తోసేయకూడదు.

ఆఖరిది అచ్చు దెబ్బ. పైనొక అచ్చు, కిందొక అచ్చు, చుట్టూ బిళ్ళ పక్కలకు పాకకుండా పట్టుకునే ఉక్కు కడియం. గంటు దగ్గర కడియం నన్ను అందుకోలేదు, దాంతో రాగి ఆ ఖాళీలోకి జారింది. 'ఎంప్రెస్' అన్న మాటలో 'ఆర్' అక్షరాన్ని భూతద్దం కింద చూడండి. తెగలేదు, గంటు వైపు పల్చబడి సాగింది. ఆకురాయి అయితే ఆ అక్షరాన్ని అడ్డంగా కోసేసేది, కోసిన చోట సన్నని గీతలు వరసగా మిగిలేవి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది అచ్చు దెబ్బకు ముందు జరిగిందా, తర్వాతా? రాగి ఎటు కదిలిందో చూస్తే జవాబు అక్కడే ఉంటుంది.

ఇక నా సహవాసుల సంగతి. వెడల్పుగా, కోలగా ఉన్న ఒకణ్ణి 'కడియం లేకుండా పడ్డ అచ్చు' అని అమ్ముతున్నారు. కడియం లేకపోతే బిళ్ళ వెడల్పవుతుంది, నిజమే. కానీ బొమ్మ చెరగదు. వీడి మీద రాణిగారి ముఖమే సాగిపోయి చెరిగింది. ఎవరో కుర్రాడు రైలు పట్టా మీద పెట్టి తమాషా చూసిన కాణీ వీడు.

ఇంకొకడు గోదావరిలోంచి తేలాడు. 1900లో రాజమండ్రి దగ్గర రైలు వంతెన వచ్చాక, కిటికీలోంచి కాణీ విసిరి గోదారమ్మకు దణ్ణం పెట్టుకున్నవాళ్ళకు లెక్కలేదు. ఇసుకలో దొర్లి గట్టూ అక్షరాలూ ఒకే తీరున అరిగిపోయిన ఇతణ్ణి 'అచ్చు సరిగా పడలేదు' అంటున్నారు. అచ్చు పల్చగా పడితే సాధారణంగా ఒక ముఖం మీద పల్చబడ్డ చోటికి సరిగ్గా వెనక కూడా పల్చబడుతుంది, మిగతాదంతా నిక్కచ్చిగా ఉంటుంది.

అద్దంలో బొమ్మలా తిరగబడ్డ రాణి లోపలికి దిగి కనిపించేవాడు ఒకడున్నాడు. ముందరి నాణెం అచ్చుకే అంటుకుపోతే తర్వాతి బిళ్ళకు నిజంగానే ఇలా పడుతుంది. అప్పుడు రెండో ముఖం మామూలుగా, పదునుగా ఉండాలి. వీడి రెండో ముఖం నలిగిపోయింది, తిరగబడ్డ రాణి కింద పాత అక్షరాలు ఇంకా తొంగిచూస్తున్నాయి. రెండు నాణేల్ని కలిపి వైసులో బిగించిన పని ఇది.

మా అందరిలో అసలైన తప్పు పుట్టుక నాది కాక ఇంకొక్కడిదే. అతని ముఖం మీద ఉబ్బెత్తుగా ఓ సన్నని గీత ఉంది. అచ్చు పగిలితే ఆ పగులులోకి రాగి ఎక్కి నాణెం మీద ఉబ్బుతుంది, గీరితే మాత్రం లోపలికి దిగుతుంది. పాపం, అతణ్ణి మాత్రం గీత పడ్డ నాణెమని ఈ పెట్టెలో కాక చవక బుట్టలో పడేశారు.

నేనూ లక్షలు పలికే సరుకును కాను. నాలాంటి కోతలు అరుదేమీ కాదు. కొనదలిస్తే చీటీ చదవకండి, తూకం వేయండి, గంటుకు ఎదురుగా ఉన్న గట్టు చూడండి. ఇంటికి తీసుకెళ్ళాక రాగి చెంబుకు పట్టించినట్టు నాకు చింతపండు మాత్రం పట్టించకండి. ఇన్నేళ్ళ నా నలుపు పోతే, గంటు పాతదో నిన్నటిదో చెప్పే సాక్ష్యాల్లో ఒకటి దాంతోపాటే పోతుంది.