సర్వీసుకు సంబంధం లేదు

అనంతపురం నుంచి కదిరి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, ఈ సీమ మగవాళ్ల ఆరోగ్యం మీద ఒక సర్వే అయిపోతుంది. ఎండిన శెనక్కాయ చేను పక్కన ఒంటరి గోడ. గోడకు పసుపు రంగు. దాని మీద ఎర్రటి అక్షరాలు: మగతనం సమస్యలా? ప్రతి మంగళవారం, ఫలానా లాడ్జి. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటనలు వేయగూడదని 1954లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి గోడలకు ఎవరూ చెప్పినట్టు లేదు. అయినా గోడలను నేను తప్పుపట్టను. సర్కారు ఫారాలు నోరెత్తని మాటను అవి మూరెడేసి అక్షరాల్లో చెప్తున్నాయి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ మనసైతే పడే చోట, నెలనెలా చేతికొచ్చే పంట పట్టాళం జీతం ఒక్కటే. అలా పోయి ఇరవై నాలుగేళ్లు చేసి వచ్చినాయన ఒకరున్నారు. హవల్దారు మామ అందాం, ఇట్లాంటివాళ్లు ఊరికొకరు దొరుకుతారు. పోయేటప్పుడు గుండెకొలత, ఎత్తు, బరువు అన్నీ చూసి, ఎద్దును కొన్నట్టు కొనుక్కున్నారు. వచ్చేటప్పుడు జారిన డిస్కు, షుగరు, బీపీ వెంట వచ్చాయి. మెడికల్ బోర్డు కాగితంలో మూడింటికీ ఒకటే వాక్యం: సైనిక సేవ వల్ల కలిగింది కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు. మరి ఎవరి వల్ల? అత్తగారింటి అరిసెల వల్ల కాబోలు.

నాలుగోది ఆయన బోర్డుకు చెప్పలేదు. “ఇంకోటి ఉండాది గానీప్పా...” అని వేపచెట్టు వైపు చూసి, బీడీ ముట్టించాడు. డిస్కు నరాన్ని నొక్కితే, షుగరు రక్తనాళాలను తింటే, పైగా బీపీ మాత్రలు పడితే, ఆ నాలుగోది రావడానికి పెద్ద వింతేమీ అక్కర్లేదు. ఏ డాక్టరైనా చెప్తాడు. అడిగితే.

బోర్డువారికి మహా ఇష్టమైన మాట ఒకటుంది: పీస్ స్టేషన్. రోగం బయటపడినప్పుడు నువ్వు సరిహద్దులో లేవు, ప్రశాంతంగా కంటోన్మెంటులో ఉన్నావు, కాబట్టి మాకు సంబంధం లేదు. అంటే సియాచిన్‌లో ఎక్కిన బీపీ, బదిలీ ఆర్డరు చూపించగానే బబీనా కంటోన్మెంటులో దిగిపోవాలి. దిగకపోతే అది క్రమశిక్షణ లేని బీపీ. ఈ లెక్క మా రైతులకు కొత్తకాదు. నీ చేను ఎండింది నిజమే, కానీ మండలం ఆఫీసు దగ్గర కొలిచిన వాన బాగానే ఉంది కాబట్టి బీమా రాదు అన్న మాట విని విని వాళ్ల చెవులు కాయగాచాయి. ఈ రెండు లెక్కలూ నేర్చిన బడి ఒకటే అయ్యుండాలి.

సైన్యంలో చేరేనాడు రాసుకోని రోగం తర్వాత వస్తే అది సేవ వల్ల వచ్చిందనే అనుకోవాలి, కాదని నిరూపించే భారం సర్కారుదే అని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. పీస్ స్టేషన్‌లో బయటపడిందన్న ఒక్క కారణంతో పింఛను ఎగ్గొట్టడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2025లో చెప్పింది. తీర్పులు చదివి సర్కారు గౌరవంగా నమస్కారం పెట్టి, తర్వాతి సిపాయి కాగితం మీద మళ్లీ అదే వాక్యం రాస్తుంది. ఈ మధ్యలో 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు తెచ్చి, సర్వీసు పూర్తిచేసి వచ్చేవాళ్ల వైకల్య భాగానికి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని పేరుపెట్టారు. దుర్వినియోగం అరికట్టడానికట. పేరు మారితే నొప్పి తగ్గుతుందేమో చూడాలి. కనీసం ఇరవై శాతం లేకపోతే ఆ రిలీఫూ లేదు. ఇంక అగ్నివీరుడైతే పింఛను మాటే ఎత్తనక్కర్లేదు. సేవ వల్లే వచ్చిన వైకల్యం అని తేలి, అది యాభై శాతమైతే 15 లక్షలు ఒక్కసారి ఇచ్చి దండం పెడతారు.

అమెరికా వాడు ఈ నాలుగోదాన్ని కూడా కాగితం మీద పెట్టాడు. వియత్నాంలో పనిచేసి వచ్చినవాడికి షుగరు వస్తే, ఏజెంట్ ఆరెంజ్ వల్లేనని ముందే ఒప్పుకున్నాడు. ఆ షుగరు వల్ల అంగస్తంభన పోతే అదీ దాని తోకే. వైకల్యం సున్నా శాతం అని రాసి, నెలకు నూరు డాలర్లకు పైనే మాత్రం ఇస్తాడు. సున్నాకు డబ్బులిచ్చే దొరతనం అది. ఆ అవయవానికి వాళ్ల కాగితాల్లో ఉన్న పేరు తెలుగులో చెప్పాలంటే ‘సృజనాత్మక అవయవం’. ఆ పద్దు ఇక్కడా తెరిస్తే, సృజన ఆగిపోయిన మా రచయితలు సగం మంది అర్జీలు పట్టుకుని సిపాయిల కంటే ముందు వరసలో నిలబడతారు. అదొక్కటే నా భయం.

మన సిపాయి అర్జీ పెట్టడు. పెడితే ఆ కాగితం జిల్లా గుమాస్తా చేతిలోంచి ప్రయాగ్‌రాజ్ పింఛను ఆఫీసుదాకా పోవాలి, కాదంటే చెన్నై ట్రైబ్యునల్లో వకీలు గట్టిగా చదవాలి. శత్రువు తూటాకు ఎదురు పోయినవాడు గుమాస్తా నవ్వుకు ఎదురు పోలేడు. ఈ సిగ్గు వల్ల ఖజానాకు ఎంత మిగులుతోందో లెక్కగట్టి, బడ్జెట్‌లో ఒక పద్దు కింద చూపించొచ్చు.

మొన్న మంగళవారం హవల్దారు మామ కదిరి బస్సులో కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచీ. యాడికి మామా అంటే, పనుండాది అన్నాడు. తర్వాత ఒకరోజు ఆయనే చెప్పాడు. లాడ్జి డాక్టరు మూడు వేలు తీసుకుని, పేరు లేని సీసా ఒకటి ఇచ్చాడట. మందు సంగతి దేవుడెరుగు గానీ, మనిషి మాత్రం మంచోడట. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అంతా విన్నాడట. పీస్ స్టేషనా, ఫీల్డా అని అడగనేలేదట.