పాటకు ముందే పట్టాభిషేకం

2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారమే ముహూర్తం. కుర్ర గిటార్ బ్యాండ్లు నాలుగైదు ఒకేసారి వచ్చి పడితే లండన్ సమీక్షకుడు మాత్రం ఏం చేస్తాడు పాపం? అన్నీ వినే తీరిక లేదు కనుక ముందు ప్రవర చెప్పేస్తాడు. గాయకుడు పాడకుండా మాట్లాడుతున్నాడా, ది ఫాల్ బృందపు మార్క్ ఇ. స్మిత్‌కు సగోత్రీకుడు. తీగలు గలగలమన్నాయా, ది స్మిత్స్ మనవడు. గిటార్ పట్టింది అమ్మాయిలా, అయితే ఎలాస్టికా ఆడపడుచులు. ఆ ఎలాస్టికా మీదే వైర్ అనే బ్యాండ్ బాణీ ఎత్తుకున్నారన్న గొడవ లేచి, 1995లో రాజీతో ముగిసింది. వంశవృక్షంలోనే వ్యాజ్యం ఉన్నా ప్రవరకేం అడ్డు లేదు.

లీడ్స్ నుంచి వచ్చినవాళ్ల సంగతి మరీ సులువు. 1970లలో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ బ్యాండ్ పుట్టింది ఆ ఊళ్లోనే కాబట్టి, అక్కడ ఎవరు గిటార్ ముట్టుకున్నా పితృదేవతలు సిద్ధం.

పొగడ్త విషయంలో ఆలస్యమన్నది బ్రిటిష్ సంగీత పత్రికల చరిత్రలోనే లేదు. 1992 ఏప్రిల్‌లో 'మెలోడీ మేకర్' పత్రిక స్వేడ్‌ను ముఖచిత్రంగా వేసి, బ్రిటన్‌లో అత్యుత్తమ కొత్త బ్యాండ్ ఇదేనని చాటింది. వాళ్ల తొలి సింగిల్ బజారుకొచ్చింది మేలో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కాకపోతే ఆ సోమలింగం నిజంగానే పుట్టి, ప్రయోజకుడయ్యాడు. పత్రికలకు అప్పటి నుంచీ ధైర్యం పెరిగిపోయింది.

2006 జనవరిలో షెఫీల్డ్ కుర్రాళ్లు ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ తెచ్చారు. మొదటి వారమే మూడున్నర లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. ఆల్బమ్ బాగుంది, అందులో పేచీ లేదు. అయితే విడుదలైన కొద్ది రోజులకే 'ఎన్ఎంఈ' పత్రిక దాన్ని సర్వకాల అత్యుత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌ల జాబితాలో ఐదో స్థానంలో కూర్చోబెట్టింది. బీటిల్స్ వెనక్కి జరగాల్సి వచ్చింది. సర్వకాలం అంటే సోమవారం నుంచి గురువారం దాకా అని ఆ వారం అందరికీ తెలిసొచ్చింది. 2018లో ఆ పత్రిక వారపు ముద్రణే ఆగిపోయింది. ఆర్కిటిక్ మంకీస్ మాత్రం ఇంకా వాయిస్తూనే ఉన్నారు.

పొగడ్తకు అనుమానం కవలపిల్ల. ది లాస్ట్ డిన్నర్ పార్టీ అనే, ప్రధానంగా అమ్మాయిలున్న ఐదుగురి బ్యాండ్ ఒక్క పాటైనా విడుదల చేయకముందే, 2022లో హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ రోజున వేదికెక్కింది. 2023 ఏప్రిల్‌లో తొలి పాట రాగానే వీళ్లు రికార్డు కంపెనీ నాటిన మొక్కలని గుసగుసలు మొదలయ్యాయి. అంతకుముందు లండన్ పబ్బుల్లో వాళ్లు పడిన పాట్లు ఎవరికి గుర్తు? అచ్చం ఇలాగే ఎదిగొచ్చిన కుర్రాళ్లను ఆ మాట అన్నవాళ్లు తక్కువే. 2024 ఫిబ్రవరిలో ఆల్బమ్ నంబర్ వన్ అయ్యాక మొక్కా మానూ అన్న చర్చ కాస్త సద్దుమణిగింది.

జోస్యం చెప్పేవాళ్లకు అసలు చుక్కలు చూపించింది 'బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్' అనే బ్యాండ్. రెండో ఆల్బమ్ 2022 ఫిబ్రవరి 4న రావాలి. జనవరి 31న గాయకుడు ఐజక్ వుడ్ బ్యాండ్ వదిలేస్తున్నట్టు ప్రకటించాడు. ఆల్బమ్ బ్రిటిష్ చార్టులో మూడో స్థానానికి ఎగబాకింది. మిగిలిన ఆరుగురూ ఆ పాటల్ని పక్కనపెట్టి, కొత్తవి రాసుకుని కచేరీలకు బయల్దేరారు. సమీక్షల్లో నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఇచ్చారు. వాటిని తగిలించుకుని తిరగాల్సిన పాటలే వేదిక మీద లేవు.

ఇక ఇంగ్లిష్ టీచర్ అనే బ్యాండ్. లీడ్స్ వాళ్లే, కాబట్టి ప్రవర ఏమిటో ఊహించుకోవచ్చు. 2024లో వీళ్ల తొలి ఆల్బమ్‌కు మెర్క్యురీ బహుమతి దక్కింది. లండన్ బయటి బృందానికి ఆ బహుమతి రావడం పదేళ్లలో అదే మొదటిసారి. వార్తలన్నీ ఆ భూగోళం చుట్టూ తిరిగాయి. ఆ పాటల్లో ఉన్న భూగోళం వేరు. గాయని లిలీ ఫాంటెయిన్ పెరిగింది లాంకషైర్‌లోని కోల్న్ అనే చిన్న ఊళ్లో. టైటానిక్ మునుగుతుండగా వయొలిన్ వాయించిన వాలెస్ హార్ట్లీదీ ఆ ఊరే. ఆల్బమ్‌లో చివరి పాటకు అక్కడి ప్రధాన వీధి ఆల్బర్ట్ రోడ్ పేరే పెట్టారు. ఊరిని వెక్కిరించరు, అలాగని నెత్తిన పెట్టుకోరు. పాట నింపాదిగా మొదలై, చివరికొచ్చేసరికి ఉప్పెనలా లేస్తుంది. ఇందులో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ఎక్కడున్నారో చెవులు రిక్కించి వెతికినా దొరకరు. ఆ పాట దాకా వినాలంటే ముందున్న పన్నెండూ వినాలి మరి. అప్పటికి శుక్రవారం కాస్తా గడిచిపోతుంది.