అంటించేశారు, ఇక భయం లేదు!

అంటించేశారు. జనవరి వచ్చింది, రహదారి భద్రతా మాసం వచ్చింది, ఫ్లెక్సీ వచ్చింది, ఎర్ర స్టిక్కర్ల చుట్టలూ వచ్చాయి. దారిన పోయే ట్రాక్టర్లను వరసగా ఆపి, ట్రక్కుల వెనక డోర్లకు అంటించేశారు. ఒక కొస అధికారి గారు పట్టుకున్నారు, ఇంకో కొస నాయకుడు గారు పట్టుకున్నారు, మధ్యలో ఫోటోలో పడదలచుకున్న వాళ్లంతా తలా ఒక వేలితో నొక్కారు. మూరెడు స్టిక్కరుకు డజను చేతులు. నెల్లూరు నుంచి మైపాడు దాకా, ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం దాకా ఇక చీకటంటే భయం లేదు. చీకటే మనల్ని చూసి భయపడాలి.

స్టిక్కరు గొప్పదనం కొంచెం చెప్పుకోవాలి. దానికి సొంత వెలుగు లేదు. వెనక వచ్చేవాడి హెడ్‌లైటు మీద పడితే ఆ వెలుతురునే వెనక్కి తిప్పి పంపుతుంది. అంటే ముందు బండివాడి బాధ్యతను వెనక బండివాడి బ్యాటరీ మోస్తుంది. ఆ వెనక వచ్చేది తాతల నాటి మోపెడ్ అనుకోండి, దాని లైటు దాని ముందు చక్రానికే సరిగా కనపడదు. ఎదురుగా హైబీమ్ వేసుకుని లారీ వస్తోందనుకోండి, మన కళ్లతో పాటు స్టిక్కరూ ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. పోనీ మెరిసిందే అనుకుందాం. ముందున్న ట్రక్కు పోతోందో ఆగిందో, బ్రేకు వేశాడో, పొలం దారిలోకి కుడివైపు తిప్పుతున్నాడో స్టిక్కరు ఎలా చెబుతుంది? అది ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది: ఇక్కడ నేనున్నాను, నన్ను ఫలానా వారు అంటించారు.

అంటించిన చోటు కూడా చూడాలి. వెనక డోరు మీద అంటిస్తారు, ఫోటోకు అదే అనువు. మార్చిలో కోతలయ్యాక వరిగడ్డి ఎత్తేటప్పుడు మొదట చేసే పని ఆ డోరు ఊడదీయడం. డోరు ఉంటే గడ్డి ఎక్కువ పట్టదు మరి! స్టిక్కరు డోరు మీద ఉంటుంది, డోరు ఇంటి దగ్గర కొట్టంలో ఉంటుంది, గడ్డి ట్రక్కు కోవూరు దాటి చీకట్లో పోతుంటుంది. కొట్టంలోని గేదెలు మాత్రం ఆ సీజనంతా సంపూర్ణ భద్రతలో ఉంటాయి.

డోరు తీయనివాళ్లూ ఉన్నారు. వాళ్ల ట్రక్కుల మీద గడ్డి మూడు వైపులా కిందికి జారి, స్టిక్కరును పదిలంగా కప్పేస్తుంది. ఇసుక తోలేవాళ్ల డోరు సందుల్లోంచి నీళ్లు కారి బురద కట్టి, ఎరుపు కాస్తా మట్టిరంగులోకి దిగుతుంది. రొయ్యల పెట్టెలు దించేటప్పుడు డోరు కిందికి వాలుతుంది. అప్పుడు స్టిక్కరు నేలకు భద్రత నేర్పుతుంది.

ఇక అంటించే పద్ధతి. డోరు మీద దుమ్ము తుడిచి అంటించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. దుమ్ముకు అంటించిన స్టిక్కరు దుమ్ముతోనే లేచిపోతుంది. రంగుల లెక్క ఒకటుంది: ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు. ఆ టేపుకు ఏఐఎస్-090 అని ఒక ప్రమాణం కూడా ఉంది. మన ఊళ్లో మాత్రం బైకుల మీద ‘అమ్మానాన్నల ఆశీస్సులు’ కత్తిరించగా మిగిలిన చుట్టే ప్రమాణం. ఎరుపు చుట్ట అయిపోతే వెనక తెలుపు వేస్తారు. అది మెరిస్తే ఎదురుగా బండి వస్తోందనుకుని మనం పక్కకు దిగాలి. పక్కన కాలువ ఉంటుంది.

ఇంత చేసి పరీక్ష ఎప్పుడు పెడతారంటే, పగలు పదకొండింటికి. ఎండలో స్టిక్కరు ధగధగా మెరుస్తుంది, ఫస్టు క్లాసులో పాసవుతుంది. రాత్రి ఎనిమిదింటికి ఆ ట్రక్కు వెనక ఒక్కసారి మోటారు సైకిలు మీద వెళ్లి చూద్దామని ఏ అతిథికీ తోచలేదు. ఎనిమిదింటికి అతిథులు భోజనాల దగ్గర ఉంటారు.

స్టిక్కరు వద్దని నేననడం లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో రిఫ్లెక్టర్ల సంగతి 104వ నిబంధనలో ఉంది. దాని పక్కనే 105 ఉంది. సూర్యాస్తమయమైన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు రోడ్డు మీదున్న బండికి లైట్లు వెలగాలని, వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరం నుంచి కనపడాలని, నంబరు ప్లేటు మీద తెల్ల వెలుతురు పడాలని అందులో ఉంది. తేడా ఒక్క అంకె. మనవాళ్లు 104 దాకా చదివి, ఫోటోకు టైమైందని లేచిపోయినట్టున్నారు.

ఆ 155 మీటర్లు ఎవరో సరదాకు రాసిన లెక్క కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు సెకనుకు 17 మీటర్ల చొప్పున దూసుకుపోతుంది. 155 మీటర్ల దూరంలో ఎర్రలైటు కనపడితే తొమ్మిది సెకన్ల వ్యవధి ఉంటుంది. తన లైటు వెలుతురులో ట్రక్కు నల్లగా ముప్పై మీటర్ల దూరంలో కనపడితే రెండు సెకన్లు కూడా ఉండదు. రెండు సెకన్లలో ఏం చేస్తాడు? దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా చాలదు.

మరి లైట్లేవయ్యా అని ట్రక్కు యజమానిని అడగండి. జవాబు సిద్ధంగా ఉంటుంది. “ఉప్పుగాలి సామీ! మన సముద్రం పక్కన వైర్లు నిలవవు, ఏం జేసేది?” పాపం, ఉప్పుగాలి! ఎంత తెలివైన గాలి చూడండి. అదే ట్రాక్టరు బానెట్టు మీద ఆరు ఫోకస్ లైట్లుంటాయి, వాటిని ముట్టదు. సీటు పైన రంగురంగుల ఎల్‌ఈడీ దండలుంటాయి, వాటి జోలికి పోదు. మడ్‌గార్డుకు రెండు పక్కలా సౌండు బాక్సులుంటాయి, ఇస్కపల్లి ఉప్పుకొఠార్ల పక్కన తిరిగినా ఒక్క పాట ఆగదు. హారనుకు ఏ జబ్బూ రాదు. ఉప్పుగాలి తిన్నగా ట్రక్కు వెనక్కి వెళ్లి, పది వాట్లు కూడా మించని ఆ రెండు టెయిల్ బల్బుల వైర్లనే వెతికి పట్టుకుని కొరుకుతుంది. వందల వాట్ల డీజేను వదిలేసి పది వాట్ల మీద పగబట్టిన గాలి ప్రపంచంలో మన నెల్లూరు తీరంలోనే వీస్తుంది.

అసలు జరిగేది వేరు. ట్రాక్టరు కొన్నప్పుడు చాలావాటికి వెనక ఏడు పిన్నుల సాకెట్టు కంపెనీయే ఇస్తుంది. ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు, బ్రేకు లైటు, రెండు వైపులా టెయిల్ లైట్లు, ఎర్తు, అదనపు లైటుకు ఒకటి. ఆ సాకెట్టు మూత తీసి చూసినవాళ్లు తక్కువ. కందిరీగలు మాత్రం వాడుకుంటున్నాయి. ట్రక్కు వైపు ప్లగ్గు ఉండదు, రెండు వైర్ల కొసలు ఒలిచి ఇరికిస్తారు. ఎర్తు వైరు విడిగా వేయరు, కొక్కెం ద్వారా వస్తుందిలే అంటారు. కొక్కేనికి తుప్పు, గ్రీజు, బురద. గుంటలో దిగినప్పుడు ఒకసారి ఎర్తు తగులుతుంది, ఎక్కినప్పుడు పోతుంది. లైటు కాసేపు వెలిగి కాసేపు ఆరితే, ఇండికేటరు అనుకుని వెనకవాడు ఎడమ నుంచి దూరతాడు. జాయింట్లకు నల్ల టేపు చుడతారు. రెండు ఎండలకు జిగురు కారి టేపు ఊడుతుంది, లోపలికి తేమ పోతుంది, రాగి పచ్చగా చిలుము పడుతుంది. హైడ్రాలిక్ తొట్టి లేచిన ప్రతిసారీ చాసిస్ కింద వేలాడే వైరు నలుగుతుంది. తెగిన వైరు గడ్డి కింద ఇనుముకు తగిలి నిప్పురవ్వ రేగితే, పోయేది ఒక్క లైటే కాదు.

దీనికి మందు లేదా? నెల్లూరులో ఏ సెల్ఫ్ డైనమో షాపులో అడిగినా చెబుతారు. మంచి గేజు వైరు, దాన్ని చాసిస్ లోపలి అంచున ఫ్లెక్సిబుల్ పైపులో నడిపి క్లాంపులు వేయడం, ఇనుములోంచి దూరే చోట రబ్బరు వాషరు, జాయింటుకు టంకం పెట్టి దాని మీద వేడికి బిగుసుకునే స్లీవు, ఎర్తుకు విడిగా ఒక వైరు, సాకెట్టు పిన్నులకు కొంచెం వ్యాజిలీను, లైటు చుట్టూ ఇనుప జాలీ. తొట్టి లేస్తే వైరు లాగకుండా కొంచెం వదులు. ఒక పూట పని, ఒక సౌండు బాక్సు ధరకు రెండు ట్రక్కులు బాగవుతాయి. ఇదే ఉప్పుగాలిలో మన జాలరులు పడవలకు లైట్లు కట్టుకుని నడిసముద్రంలోకి పోయి వస్తున్నారు. వాళ్లకు వీస్తున్నది వేరే గాలా?

ఇక్కడితో వెటకారం చాలు. కోతల సీజనులో ఏ పొద్దున పేపరు తెరిచినా ఆగివున్న ట్రాక్టరును ఢీకొని ఒకరి మృతి అన్న వార్త ఎక్కడో ఒకచోట ఉంటుంది. చచ్చిపోయినవాడు పోర్టులో షిఫ్టు దిగి ఇంటికి వస్తున్న కుర్రాడు కావచ్చు, రొయ్యల గుంట దగ్గర కాపలా ముగించుకుని వస్తున్న కూలీ కావచ్చు. వార్త చివర ‘అతివేగం, అజాగ్రత్త’ అని ఉంటుంది. అజాగ్రత్త ఎవరిదయ్యా? చీకట్లో చీకటి రంగు ఇనుప గోడను రోడ్డు మీద నిలబెట్టి టీ తాగడానికి పోయినవాడిదా, తన దారిన తాను వస్తున్నవాడిదా? వెనక నుంచి గుద్దాడు కాబట్టి తప్పు వాడిదేనని బీమా కంపెనీలు వాదిస్తాయి. నడిరోడ్డు మీద రాత్రిపూట లైట్లు లేకుండా నిలిపిన గ్యాస్ ట్యాంకరును కారు గుద్దిన కేసులో హైకోర్టు కారు నడిపినవారికీ తప్పులో వాటా వేస్తే, 2018లో సుప్రీంకోర్టు ఆ వాటాను కొట్టేసింది. లైటు లేకుండా బండి నిలిపినవాడిదే తప్పని సుప్రీంకోర్టు తేల్చాక కూడా మన పంచాయితీల్లో, మన వార్తల్లో చచ్చినవాడే ముద్దాయి.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలే. ఆ ప్రమాదాల్లో అయిదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దుకున్నవి. అయినా మనం పట్టుకునేది ఎవర్ని? హెల్మెట్ లేనివాణ్ణి. పట్టుకోండి, వద్దనను. వాడి తల వాడు కాపాడుకోనందుకు చట్టంలో 1,000 రూపాయలుంది. పక్కవాడి తల పగలగొట్టే బండికి టెయిల్ లైటు లేకపోతే, విడిగా శిక్ష రాయని తప్పులన్నిటికీ ఉన్న సాధారణ జరిమానాయే, మొదటిసారి 500. అదీ రాసినవాడు నాకింతవరకు తగల్లేదు. రైతు కదా, పాపం అంటారు. కాగితాల మీద వ్యవసాయ ట్రైలరు, రోడ్డు మీద ఇసుక, ఇటుక, కంకర, రొయ్యల మేత. రైతు పేరు చెప్పుకుని కిరాయి తోలేవాడికి మనం జాలి పడుతున్నాం. చీకట్లో ఆ ట్రక్కును గుద్దుకుని పోయేవాళ్లలో అసలు రైతు కొడుకులూ ఉన్నారు.

మిగిలిన వినోదాలు క్లుప్తంగా. ట్రక్కు చెడిపోతే వెనక వేపమండ వేసి నాలుగు రాళ్లు పెడతారు, బండి బాగయ్యాక బండి పోతుంది, రాళ్లుంటాయి. గడ్డి మీద కూర్చున్న కుర్రాడి సెల్‌ఫోను టార్చి కొందరికి బ్రేకు లైటు. ట్రక్కు విప్పేసిన ట్రాక్టర్లు దుక్కి లైటును వెనక్కి తెల్లగా వెలిగించి, మన కళ్లు పోగొట్టి మరీ ముందుకు పోతాయి. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైన దగ్గర్నుంచి తిరుగుతున్న పెద్ద ట్రైలర్లలో కొన్నిటికి ఫిట్‌నెస్ పరీక్ష రోజున పుట్టిన బల్బులు ఆ సాయంత్రమే కాలం చేస్తాయి. 24 వోల్టుల బండికి ట్రాక్టరు తాలూకు 12 వోల్టుల బల్బు పెట్టి, నాసిరకం బల్బు అని షాపువాణ్ణి తిట్టేవాళ్లూ ఉన్నారు.

అయ్యా అధికారులూ, వచ్చే జనవరి దాకా ఆగొద్దు. కోతలప్పుడు రాత్రి ఏడున్నరకు రోడ్డు మీదికి రండి. చుట్ట బదులు ఒక టెస్టు బల్బు తెచ్చుకోండి. సాకెట్టులో ప్లగ్గు పెట్టించి, బ్రేకు తొక్కించి, ఇండికేటర్లు వేయించి చూడండి. వెలగని ట్రక్కును తెల్లారేదాకా అక్కడే ఆపండి. నాలుగు ట్రక్కులు ఒక రాత్రి ఆగితే, మరునాడు సెల్ఫ్ డైనమో షాపుల ముందు వరస కడతారు.

అయ్యా ట్రక్కు యజమానులూ, పాట పెట్టే ముందు ఒకసారి బండి దిగి వెనక్కి నడిచి చూడండి. పొద్దుగుంకిన అరగంట తర్వాత వెనక ఎర్రలైటు వెలగాలి, 155 మీటర్లకు కనపడాలి. వెలగని బండికి రోడ్డు మీద ఉండే హక్కు లేదు. 1989 నుంచీ రూలు ఇదే.