కోల్ గారి ఆదివారాలు

ఆదివారం అటక దులుపుతానని మా ఆవిడకు మాటిచ్చిన నేను, శనివారం రాత్రి ఫ్రాంక్ నెల్సన్ కోల్ గారి గురించి చదివి ఉండకూడదు.

147573952589676412927. ఇరవై ఒక్క అంకెలు. అరవై ఏడు రెళ్లను గుణించి, ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయి రాజుగారి గాదెలు ఖాళీ చేయించిన కథ తెలుసుగా? ఆ బల్లకి ఇంకో మూడు గళ్లు అతికిస్తే మొత్తం గింజలు ఇన్ని.

ఇది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి సెలవిచ్చాడు. కాదని 1876లో లుకా అనే ఇంకో ఫ్రెంచాయన తేల్చాడు. కానీ దేనితో తెగుతుందో చెప్పలేదు. ఇంట్లో దొంగ ఉన్నాడని ప్రశ్న చూసి చెప్పి, పేరు చెప్పకుండానే దక్షిణ పుచ్చుకుని వెళ్లిపోయినట్టు.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ గణిత సంఘం సభలో కోల్ లేచాడు. నోరు మెదపకుండా నల్లబల్ల మీద ఒక పక్క ఈ సంఖ్య వేశాడట. రెండో పక్క 193707721 ని 761838257287 తో గుణించాడట. రెండూ ఒకటే! చప్పట్లు. ఎన్నాళ్లు పట్టిందంటే, ‘మూడేళ్ల ఆదివారాలు’ అన్నాడని చెప్పుకుంటారు. వాళ్లింట్లో అటక లేదు కాబోలు.

నేనూ కాగితం తీశాను. మొదటి సంఖ్యలో సున్నా ఉంది కనుక ఎనిమిది వరుసలే. ఏడో ఎక్కం వరుస ఒకసారి చేసుకుంటే మూడు చోట్ల దించుకోవచ్చు. బద్ధకస్తుడికి ఇంతకన్నా ఏం కావాలి? చివర్లో జవాబులోని అంకెలను ఒకే అంకె మిగిలేదాకా కూడి సరిచూశాను. ఒకటి రావాలి, ఏడు వచ్చింది. ఏడుపూ వచ్చింది. పక్క స్థానానికి చేర్చాల్సిన నాలుగును మరిచి, ఆ తప్పునే మూడుసార్లు శ్రద్ధగా దించాను.

“ఆయనవి మూడేళ్ల ఆదివారాలు. మీదింకా ఒకటే” అంది మా ఆవిడ, చీపురు చూపిస్తూ.

అంతలో మా బావమరిది దిగాడు. కారు నంబరు కూడితే తొమ్మిది రావాలని వేలంలో నెల జీతం పోసిన ఘనుడు. అలా అంకెలు కూడుకుంటూ పోతే తేలేది తొమ్మిదితో భాగించగా వచ్చే శేషమే. తొమ్మిది వచ్చిందంటే శేషం సున్నా. ఆ లెక్కన వాడు కొన్నది సున్నా. చెబితే బాధపడతాడని చెప్పలేదు.

వాడు నా కాగితం లాక్కుని కూడాడు. పెద్దది 109, అంటే 10, అంటే 1. చిన్నవి 37, 64. అవీ ఒకట్లే.

“బావా! మూడూ సూర్యుడి అంకెలే. ఆదివారం కాక ఇంకే రోజు లొంగుతాయి?”

ఏం చెప్పను? “అటక ఎక్కడానికి ఏ వారం మంచిదో కూడా చూడరా” అన్నాను.

“శనివారం బావా. నిన్ననే అయిపోయింది.”