పాలకూర తాగే ఫిల్టర్ నీళ్లు

నీళ్లు ఆదా అవుతాయన్న మాట దయచేసి నా ముందు ఎవరూ ఎత్తకండి. మట్టి సేద్యంతో పోలిస్తే హైడ్రోపోనిక్స్‌లో 90 శాతం దాకా నీళ్లు మిగులుతాయని, మా డాబా మీద బుల్లి గ్రీన్‌హౌస్ కట్టి వెళ్లిన కుర్రాడు చెప్తే నేనూ తలూపాను. ఇవాళ మా ఇంట్లో మనుషుల కన్నా బకెట్లు ఎక్కువ. బాత్రూములో బకెట్లు, బాల్కనీలో బకెట్లు, పూజగది గుమ్మం పక్కన నీలం రంగు టబ్బు. అన్నీ నిండే ఉంటాయి. కాలు పెట్టే చోటు చూసుకుని నడవాలి.

కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు, నా మంటంతా అదే. నీళ్లు పైపుల్లో తిరుగుతాయి, వేళ్లు తాగినంత తాగుతాయి, మిగిలింది మళ్లీ డ్రమ్ములోకొచ్చి పడుతుంది. చుక్క నేలపాలు కాదు. కాకపోతే ఆ డ్రమ్ములో బోరు నీళ్లు పొయ్యకూడదట. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లలో ఉప్పులు కొలిచే మీటరు ముంచితే 1,140 అంది. కుర్రాడు ఆ అంకె చూసి, రిపోర్టులు తిరగేసిన డాక్టరులాగా కాసేపు మౌనం పాటించి, “ఆర్వో నీళ్లే పోయాలంకుల్” అన్నాడు. ఇళ్లల్లో ఉండే ఆర్వో మిషను లీటరు మంచినీళ్లిచ్చేలోపు సుమారు మూడు లీటర్లు బయటికి తోసేస్తుంది. మొక్క మిగిల్చిన నీళ్లు మిషను తాగి వదిలిపెడుతోందన్నమాట. ఆ వదిలిపెట్టినవే ఈ బకెట్లు.

పోనీ అంత శుద్ధి చేసిన నీళ్లు అలాగే పోస్తామా? పొయ్యం. అందులో ఏమీ లేదు కనక మొక్క చచ్చిపోతుంది. బోరు నీళ్లలోంచి కాల్షియం, మెగ్నీషియం తీసి పారేసి, డబ్బాల్లో కొన్న కాల్షియం, మెగ్నీషియం కలపాలి. ఎ మందు, బి మందు అని రెండు డబ్బాలు. రెంటినీ చిక్కగా ఉన్నప్పుడు కలిపామా, ఒకదాన్లోని కాల్షియం రెండోదాన్లోని ఫాస్ఫేటునీ సల్ఫేటునీ పట్టుకుని సుద్దలా అడుక్కి దిగిపోతుంది. విడివిడిగా, నిండు డ్రమ్ములో, ఒకటి కలిశాక ఇంకోటి పొయ్యాలి.

“బోరు నీళ్లలోనూ అవే ఉన్నాయిగా బాబూ?” అన్నారు మా అత్తగారు.

బైకార్బొనేట్ల గురించి చెప్పాను. అవి ఉంటే పీహెచ్ ఎగబాకుతుందనీ, 5.5కీ 6.5కీ మధ్యన ఉంటే తప్ప మొక్కకి ఇనుము సరిగ్గా అందదనీ, అందకపోతే లేతాకులు పసుపెక్కుతాయనీ చెప్పాను. అల్లుడి మాటలు అర్థం కానప్పుడు ఆవిడ గౌరవంగా ఊరుకుంటారు. ఊరుకున్నారు.

మీటర్ల సంగతి కూడా చెప్పాలి. అంత అవసరం లేదు గానీ, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పెన్ను సైజులో రెండుంటాయి. ఒకటి నీళ్లలో ఉప్పులు కొలిచేది, ఒకటి పులుపు కొలిచేది. చేతిలో మీటరున్నవాడికి లోకంలో ముంచదగ్గ పదార్థాలు తప్ప ఇంకేమీ కనపడవు. మొదట పాలు కలపని ఫిల్టర్ కాఫీ డికాక్షన్: పీహెచ్ 5 దగ్గర తేలింది, లెట్యూస్‌కి కాస్త పులుపెక్కువ. పెరుగు నాలుగున్నర. నిమ్మరసం రెండు చిల్లర. ఆ తర్వాత కొబ్బరిబొండాం. బండివాడు కత్తి చేత్తో పట్టుకునే అడిగాడు, అందులో ఏం దూరుస్తున్నారని. ఆ తర్వాత చారు. ఉప్పుల మీటరు 9,990 దాకా కొలుస్తుంది. చల్లారిన చారులో ముంచితే అంకెలు చూపించడం మానేసి అడ్డగీతలు చూపించింది. చారులో ఉప్పెక్కువని పెళ్లయినప్పట్నించీ నేనంటున్న మాటకి శాస్త్రీయమైన ఆధారం దొరికిందని పైకి అనలేదు. అని ఉంటే ఈ వ్యాసం వేరే చిరునామా నుంచి వచ్చేది. అయినా మా ఆవిడ చూడనే చూసింది. “చారు రుచి చూడ్డానికి నాలిక చాలదా మీకు?” అంది. అప్పట్నించీ నాకు చారు చప్పగా వస్తోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. మా బావగారింట్లో సత్యనారాయణ వ్రతం. మా అక్క గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. 430. బావగారు ఊరందరికీ చెప్పుకున్న ఫిల్టరు మిషనది. “మెంబ్రేన్ మార్పించి ఎన్నాళ్లయింది బావగారూ?” అని మెల్లిగానే అడిగాను. కానీ పీటల మీది దంపతులతో సహా అందరూ తమ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. బావగారు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. తీర్థం ఇచ్చేటప్పుడు నేను చొక్కా జేబు తడుముకోవడం చూసి పురోహితుడుగారు రెండడుగులు వెనక్కి వేశారని అక్క అంటుంది. అది అన్యాయం. కళ్లజోడు కోసం తడుముకున్నాను.

ఇంతకీ పండిందేమిటంటారా? లెట్యూస్. దాన్ని పప్పులో వేస్తే కనపడదు, పచ్చడికి రాదు, పచ్చిగా తినడానికి మేమంతా మేకలమా అంది మా అమ్మాయి. పాలకూర కాస్త నయం, కనీసం పేరు తెలుసు. టమాటాకి పూత దండిగా వచ్చింది గానీ, చుట్టూ వల కట్టిన డేరాలోకి తేనెటీగ రాదు కదా, పుప్పొడి రాలాలంటే పువ్వుని అదిలించాలి. అందుకోసం బ్యాటరీ టూత్‌బ్రష్ కొన్నాను. పొద్దున్నే డాబా మీద టమాటాకి పళ్లు తోముతున్నానని ఎదురు ఫ్లాట్లో చెప్పుకుంటున్నారు.

కుర్రాడి ఫోన్లో ఒక ఫొటో ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసరు గెరికే, 25 అడుగుల టమాటా మొక్కలు పెంచినాయన. 1937లో ఈ విద్యకి హైడ్రోపోనిక్స్ అన్న పేరు ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. అదే యూనివర్సిటీలో హోగ్లాండ్, ఆర్నన్ అనే ఇద్దరు 1938లో అన్నీ కొలిచి, మంచి మట్టిని మించి ఇందులో విరగబడి పండేదేమీ లేదని రాసిపెట్టారు. ఈ డబ్బాల్లో మందు ఇవాళ్టికీ చాలాచోట్ల హోగ్లాండ్ లెక్క ఆధారంగానే కలుపుతారు. ఆయన ఫొటో మాత్రం కుర్రాడి ఫోన్లో లేదు.

బకెట్లకి ఒక దారి దొరికింది. ఎండలు ముదిరాక మా బోరు మోటారు పొద్దున ఒక్క గంటే వేస్తున్నారు. వాచ్‌మన్ భార్య మెట్లు ఊడవడానికొచ్చి, గుమ్మంలోంచి ఆ టబ్బు చూసింది. “పారవోస్తుర్రా సార్? నాకియ్యిర్రి, గిన్నెలు తోముకుంట” అంది. మాకు ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులా రెండు బకెట్లు, ఐదంతస్తులు, మెట్ల మీద. లిఫ్టులో నీళ్లు ఒలుకుతాయని అసోసియేషను వాళ్లు బకెట్లని రానివ్వరు.

తాగేనీళ్లకి మన దేశంలో ఐఎస్ 10500 అని ఒక ప్రమాణం ఉంది. లీటరుకి 500 మిల్లీగ్రాముల ఉప్పుల దాకా మంచివి. వేరే నీళ్లు దొరకని పక్షంలో 2,000 దాకా ఒప్పుకోవచ్చు. పాలకూర విషయంలో “వేరే దొరకని పక్షంలో” అన్న మాట ఎవరూ రాయలేదు. ఆమె కిందికి మోసుకెళ్లే నీళ్లలో మీటరు 1,500 చూపిస్తుంది. వాళ్లు తాగేది సెల్లార్లో కుళాయి దగ్గర పట్టిన 1,140. తాగడానికి మా ఫిల్టరు దగ్గర పట్టుకోమన్నాను. ఒక రోజు బిందె తెచ్చింది. మిషను ట్యాంకు అప్పటికే మొక్కల డ్రమ్ములోకి ఒంపేసి ఉంది. సన్నటి ధార. బిందె నిండాలంటే గంట పైనే. కాసేపు నిలబడి, “గింతసేపు నిలవడితే పని ఎవలు జేస్తరు సార్” అని అడుగు తడిసిన బిందె చంకనెత్తుకుని దిగిపోయింది. ఆ తర్వాత మళ్లీ నేనూ అనలేదు, ఆమే అడగలేదు. బకెట్లకి మాత్రం రోజూ వస్తుంది.

నిన్న కుర్రాడు ఫోన్ చేశాడు. ఎండలకి డ్రమ్ములో నీళ్లు కాగిపోతే ప్రాణవాయువు తగ్గి వేళ్లు గోధుమరంగులోకి తిరిగి కుళ్లుతాయట. చిల్లర్ పెట్టిస్తే నీళ్లు 22 డిగ్రీల్లో నిలకడగా ఉంటాయట. మా ఇంట్లో ఏసీ ఒక్క గదిలోనే ఉందని చెప్పాను. అది వేరే విషయమన్నాడు. నీళ్లలోంచి లాగిన వేడి ఎక్కడికి పోతుందని అడిగాను.

“షెడ్డులోకే వస్తుందంకుల్. దానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేరే ఉంది.”