తిత్తి నిండా నామాలు

నేను హార్మోనియాన్ని. మా ఇంట్లో నన్ను 'హార్మనీ పెట్టె' అంటారు. పుదుచ్చేరి ముత్యాలపేటలో, దేవుడి గది గుమ్మం పక్కన చాప మీద నా చోటు. మా వాళ్ళది యానాం. గోదావరి ఒడ్డున తెలుగు ఊరే అయినా పాలన పుదుచ్చేరిది కాబట్టి, ఉద్యోగాల కోసం అక్కడివాళ్ళు ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి ఇక్కడికి రావడం మామూలే. మా అబ్బాయిగారికి ఇక్కడి ఆఫీసులో పోస్టింగు వచ్చినప్పుడు మామ్మ వంటగిన్నెల కన్నా ముందు నన్ను పాత దుప్పట్లో చుట్టి కట్టించింది.

తాతయ్య కుర్రతనంలో కాకినాడలో పద్యనాటకాలకు నన్ను వాయించేవారు. రాత్రి తెల్లవార్లూ నటుడి రాగం వెంట పరుగెత్తేదాన్ని. ఆ తర్వాత యానాం వెంకన్నబాబు గుడి భజనల్లో ఉన్నాను. ఆయన పోయాక కోడలు నన్ను ఒళ్ళోకి తీసుకుంది. నాటకంలో ఒక్క గొంతుకు ఊతమిచ్చాను, ఇంట్లో అయిదారు గొంతులకు ఇవ్వాలి. ఏది గొప్పని ఎవరైనా అడిగితే నాకు తడుముకోవాల్సిన పని లేదు. ఇల్లే.

మా జాతి ఫ్రాన్సులో పుట్టింది. 1842లో అలెగ్జాండర్ దెబేన్ పారిస్‌లో హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కాలి. నేల మీద కూర్చుని పాడుకునే మనవాళ్ళకు వీలుగా, చేత్తో ఊదే పెట్టెను కలకత్తాలో ద్వారకనాథ్ ఘోష్ తయారుచేశాడు. 1940లో రేడియో వాళ్ళు మమ్మల్ని వద్దన్నారు. గమకం పలకదన్నది వాళ్ళ అభ్యంతరాల్లో ఒకటి. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. గమకం మాట నిజమే, ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారడం నాకు చేతకాదు. అయితే మా ఇంటి విష్ణు సహస్రనామానికి అంత జారుడు అక్కర్లేదు. రెండు మూడు స్వరాల మధ్యే ఆ పారాయణం నడుస్తుంది. కింద శ్రుతి నిలిస్తే చాలు, అది నేను నిలపగలను.

తిత్తి ఉన్నదాన్ని గనక ఊపిరి సంగతి నాకు బాగా తెలుసు. భీష్ముడు అంపశయ్య మీంచి ధర్మరాజుకు చెప్పిన ఆ వెయ్యి నామాలు అనుష్టుప్పు శ్లోకాల్లో ఉన్నాయి. పాదానికి ఎనిమిది అక్షరాలు, శ్లోకానికి 32. ఒక్క ఊపిరికి రెండు పాదాలు హాయిగా సరిపోతాయి. శనివారం సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు మొదట ఎవరి దారి వాళ్ళది. అబ్బాయిగారు ఇంకా ఆఫీసు తొందరలోనే ఉంటారు, ఒక పాదం ముందుంటారు. చిన్న మనవరాలికి ఒత్తులు తిరగవు, వెనకబడుతుంది. కోడలి ఎడమచెయ్యి నా తిత్తిని ఎగుడుదిగుడుగా ఊదుతుంది. పొయ్యి మీద ఏముందో సగం మనసు అక్కడే ఉంటుంది. మామ్మ ఒక్కతే తన నడక తను నడుస్తుంది. ఎవరినీ తొందరపెట్టదు, ఎవరికోసమూ ఆగదు. కొన్ని శ్లోకాలు గడిచేసరికి ఎవరూ చెప్పకుండానే అందరూ ఒక్కచోటే ఊపిరి పీలుస్తారు. కోడలి చెయ్యి ఊయల ఊగినట్టు సమంగా కదులుతుంది. వాళ్ళ సంతోషం నాకు ముందు తెలిసేది ఆ చేతిలోనే.

నామం చెప్పుకోవడానికి పనులన్నీ మాని, తలుపులు బిగించుకోవాలంటే నేను ఒప్పుకోను. మామ్మ మునగాకు దూస్తూ చెబుతుంది, మనవరాలి జడ అల్లుతూ చెబుతుంది. మధ్యలో "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే!" అని కేకేసి, ఏ నామం దగ్గర ఆగిందో సరిగ్గా ఆ నామమే అందుకుంటుంది. శుక్రవారం లలితా సహస్రనామం రోజున సాంబారు వాసన కూడా పారాయణంలో కూర్చుంటుంది. దేవుడికి అది నచ్చదని నేను అనుకోను.

వచ్చిన కొత్తలో మామ్మ బెంగపడింది. వీధిలో అంతా తమిళం. అప్పుడు ధనుర్మాసం వచ్చింది. వరదరాజ పెరుమాళ్ గుడికి వెళ్ళొచ్చిన ఒక రోజు పక్కింట్లో భజన మొదలైంది. మామ్మ వరండాలోనే నిలబడిపోయింది. వాళ్ళు పాడుతున్నది అన్నమయ్య కీర్తన, ఆ వెంటనే భద్రాచల రామదాసుది! దక్షిణాది భజన సంప్రదాయంలో ముందు తోడయమంగళం పాడతారు, అందులో ఈ ఇద్దరి కీర్తనలూ ఉన్నాయి. ఆ పద్ధతిని తీర్చిన పెద్దల్లో కుంభకోణం దగ్గరి మరుదానల్లూరు సద్గురుస్వామి తెలుగింటి బిడ్డ. ఇదంతా మామ్మకు తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం గుమ్మంలోకి వెళ్ళి, "ఇవి మా పాటలండీ!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా తాతగారి నాటినుంచి మావీ ఇవే. లోపలికి రండి మామీ" అంది పక్కింటావిడ, వచ్చీరాని తెలుగులో. మరుసటి వారం నన్నూ అక్కడికి మోసుకెళ్ళారు.

తెలుగుకు ఈ ఊరు మొదటినుంచీ పరాయిది కాదు. ఇక్కడి ఫ్రెంచి గవర్నరు డూప్లే దొర దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళెకు కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందోగ్రంథాన్నే అంకితమిచ్చాడు.

సముద్రపు గాలితోనే నాకు చిక్కు. ఉప్పుతేమకు స్ప్రింగులు తుప్పుపడతాయి, ఇత్తడి రీడ్లకు చిలుము పడుతుంది. బాగుచేసే మేస్త్రి రీడు కొసను రవ్వంత గీస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. ఆయన ఒక్కొక్క రీడూ ఊది, విని, మళ్ళీ గీసి నన్ను దారిలో పెడతాడు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు నేను లేకుండానే పారాయణం చేస్తారు. మామ్మ గొంతే శ్రుతి.

ఆ గొంతు ఈమధ్య దిగింది. నాలుగున్నర శ్రుతి ఆవిడకు అందడం లేదని గమనించి, చిన్నదే ఒక మెట్టు కిందికి జరిపింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ ఆ కొత్త శ్రుతిలోకి వచ్చేశారు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పెద్ద మనవడు శనివారాలు వీడియో కాల్‌లో కలుస్తాడు. మొదట్లో అందరూ కలిసి చెప్పబోతే అతని మాట ఆలస్యంగా అందేది, నామాలన్నీ ఒకదానిమీదొకటి పడేవి. ఇప్పుడు పంచుకున్నారు. అతనొక శ్లోకం, వీళ్ళొక శ్లోకం. అతని వంతు వచ్చినప్పుడు మామ్మ ఫోను దగ్గరికి జరుగుతుంది. "నిదానంగా చెప్పు నాన్నా, ఊపిరి తీసుకో" అంటుంది. కోడలు తిత్తి ఊదుతూనే ఉంటుంది, అక్కడ అతనికి నా శ్రుతి వినబడాలని.