విశ్వమేకల చిత్రకారుడు

హైదరాబాద్‌లో ఈయన్ని చూడాలంటే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఏదైనా ప్రదర్శన ప్రారంభోత్సవానికి వెళ్ళండి. భుజాన జనపనార సంచీతో, గోడమీది బొమ్మలకి వీపు చూపిస్తూ సమోసాల బల్ల దగ్గర ఉంటాడు. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివాడు. చెయ్యి మంచిది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఎప్పుడు పలకరించినా ఒకటే మాట: "గ్యాలరీకి ప్రిపేరవుతున్నానండీ."

ప్రిపరేషన్ అంటే ముందు గడ్డం. ఆ తర్వాత ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్. ఏం వేశారో, ఎందుకు వేశారో మామూలు మాటల్లో ఒక పేజీ రాస్తే గ్యాలరీవాళ్ళకి చాలు. ఈయనది నాలుగు పేజీలు. అందులో 'అస్తిత్వం' పదకొండుసార్లు, 'శూన్యం' తొమ్మిదిసార్లు వస్తాయి. మేక ఒక్కసారీ రాదు. బొమ్మలన్నీ మేకలవే.

"లక్ష్మాగౌడ్ గారి బొమ్మల్లో మేకలు గుర్తొస్తున్నాయండీ" అన్నారెవరో పాపం, మెచ్చుకోలుగానే.

"ఆయనవి తెలంగాణ మేకలు. నావి విశ్వమేకలు."

గ్యాలరీలకి చూపించే బొమ్మల ఫొటోలు రాత్రిపూట ఫ్లాష్ వేసి తీసినవి. ప్రతి మేక నుదుటా ఒక సూర్యుడు, పక్కన దండెం మీది చీరకొంగు. కొలతలడిగితే రెండు చేతులూ చాచి "ఇంత" అంటాడు. ధర అడిగినవాళ్ళ చెప్పుల్ని బట్టి ఉంటుంది.

కమిషన్ మాట మాత్రం ఎత్తకండి. మూడోవంతు నుంచి సగం దాకా గ్యాలరీలు తీసుకోవడం మామూలే. "సగమా! బొమ్మ వేసింది నేనా, గోడా?" అని మండిపడతాడు. గోడ అద్దె, లైట్లు, కేటలాగు, కొనేవాళ్ళకి చేసే ఫోన్లు, ఆఖరికి సమోసాలు కూడా ఆ సగంలోంచే అని చెప్పబోతాం. ఆయన అప్పటికే రెండో సమోసాలో ఉంటాడు.

ఆయిల్ పెయింట్ పైకి ఆరినట్టున్నా లోపల పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. ఈయన తెల్లవారుజామున సంతకం పెట్టిన బొమ్మకి బబుల్‌ర్యాప్ చుట్టి, పదకొండింటికల్లా ఆటోలో బంజారాహిల్స్ చేర్చాడు. విప్పితే మేకకి ఒళ్ళంతా బుడిపెలు. గ్యాలరీ మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది.

"టెక్స్‌చర్ కొత్తగా ఉంది సార్."

"కావాలనే చేశాను మేడమ్."

ఆవిడ ఫోన్లో ఫొటోలు తిప్పి తిప్పి ఒకచోట ఆగింది. "ఇది పెడదాం. సైజు, వేసిన సంవత్సరం రాసివ్వండి, కన్సైన్‌మెంట్ కాగితం తయారుచేయిస్తాను. ఒక్క మాట, ఇక్కడొక రేటు, ఇంటిదగ్గరొక రేటు ఉండకూడదు."

"ఛఛ, నేనలాంటివాణ్ణి కాను" అన్నాడు.

ఆ బొమ్మ బావమరిది హాల్లో, టీవీ పైన ఉంది. గృహప్రవేశానికి పదివేలకే ఇచ్చేశాడు. సాయంత్రం సంచీ తగిలించుకుని వెళ్ళి, స్టేట్‌మెంట్‌తో సహా సంగతంతా వివరించాడు. బావమరిది టీవీ సౌండ్ తగ్గించాడు.

"తీస్కపో బావా. మరి నాకు గూడా సగమేనా?"